బొక్కల గడ్డ మీద రెక్కల నీడ

ఆ మొద్దును జర లోపటికి ఎగదొయ్యి బిడ్డా, ఒట్టి పొగే లేస్తాంది. అందరు ఇటు దగ్గరికి జరుగుండ్రి. మీ పట్నంల ఇంత సలి ఉండది గని, మన సిర్పూరు దిక్కు పుష్యమాసం వచ్చిందంటే బొక్కల్లకు దిగుతది సలి.

ఇయ్యాల పొద్దుగాల బర్రెకు సూది ఏసెటందుకు వచ్చిన పిలగాని చేతిలకెల్లి నేను సీస గుంజుకుంటే మీరు నవ్విండ్రు. అద్దాలు పెట్టుకొని, సీసను ఎండకు పట్టి, ఆ సన్న అచ్చరాలు రెండుసార్లు సదివిన. ‘తాతా, గా పిలగాడు సదువుకొని వచ్చినోడే గదా, గంత అనుమానమేంది’ అని పెద్దోడు అడిగిండు. వాని మీద అనుమానం కాదు కొడుకా. నేను ముప్పై నాలుగేండ్లు పశువుల దవాఖానల కంపౌండరుగ చేసిన. ఈ చేతితోని ఎన్ని వేల సూదులు ఏసిన్నో లెక్క లేదు. దాంట్ల ఒక ముసలి ఎద్దుకు ఏసిన మూడు సూదులు మాత్రం ఇప్పటికీ యాదికొస్తయి, నిద్ర పోనియ్యయి. ఆ ముచ్చట మీ నాయినకు సుత సక్కగ ఎన్నడు చెప్పలే. మీరు అడిగిండ్రు గనుక చెప్త.

మన ఊరికి పడమట, వాగు దాటినంక, ఇప్పుడు పత్తి చేన్లున్న జాగను మా చిన్నతనంల బొక్కల గడ్డ అంటుండె. ఊర్ల ఏ గొడ్డు సచ్చినా అక్కడికే పోవాలె. రెండు మొద్దులు జోడిచ్చి, మీద సచ్చిన ఎద్దును ఏసి, దానితోని నిన్నటిదాక కాడి మోసిన జోడెద్దుతోనే గుంజిచ్చుకపోతుండె. తోలు తీసే మామ కత్తి సంకల పెట్టుకొని వెనుక నడుస్తుండె. ఆయన పని నేర్పుతోని చేసెటాయన. తోలుకు ఒక్క గాటు పడనియ్యకపోతుండె. ఆయన తోలు మడిచి భుజాన ఏసుకొని పక్కకు జరిగినదాక పైన ఒక్క రెక్క సుత కనపడకపోతుండె. కాకులు వస్తుండె. కుక్కలు రెండో మూడో వచ్చి దూరంగ కూసుంటుండె. ఆకాశం ఒట్టిగ ఉంటుండె.

గప్పుడు మా బాపు నా గదుమ పట్టి పైకెత్తి, ‘అగో, సూడు’ అంటుండె. ముందుగాల ఏం కనపడకపోతుండె. జరసేపటికి ఆవగింజంత నల్ల సుక్క. రెక్క కొట్టది, సుట్టు తిరుగుతనే ఉంటది. మల్ల ఇంకో సుక్క. గుట్ట మీదికెల్లి రెండు, ప్రాణహిత అవతలికెల్లి నాలుగు. వాసన పట్టి వస్తయని ఊర్లోళ్లు అనుకుంటుండె. వాసన కాదు బిడ్డా, సూపు. పైన తిరిగే పక్షి కింద నేలను ఎంత సూస్తదో, పక్కన తిరిగే పక్షిని సుత గంతే సూస్తది. ఒకటి దిగుడు మొదలువెట్టిందంటే రెండు కోసుల అవతల ఉన్నది దాన్ని సూసి ఇటు మర్లుతది. దాన్ని సూసి ఇంకోటి. వల కొసలు పట్టి దగ్గరికి గుంజినట్టు, నాలుగు దిక్కుల ఆకాశం బొక్కల గడ్డ మీదికి వస్తుండె.

దిగేటప్పుడు రెక్కల సప్పుడు వినాలె మీరు. ఈదురుగాలికి తాటికమ్మలు కొట్టుకున్నట్టు ఉంటుండె. కాళ్లు ముందుకు చాపి, నేల తాకంగనే నాలుగడుగులు ఉరికి ఆగుతుండె. మెడ వంచి, రెక్కలు సగం ఇప్పి, ఒకదాన్నొకటి గద్దిరిచ్చుకుంట కళేబరం మీద పడుతుండె. నలభై, యాభై, ఒక్కోసారి నా లెక్క తప్పిపోతుండె. ఎక్కువ తెల్లవీపు రాబందులు. రెక్క ఎత్తితే నడుము మీద సున్నం పట్టె ఏసినట్టు తెల్లగ కనపడుతుండె. కొన్ని పొడుగుముక్కువి, గుట్టల సందులల్ల గూళ్లు పెట్టేటియి. అప్పుడప్పుడు ఎర్రతల రాబందుల జంట ఒకటి వచ్చి పక్కకు నిలవడుతుండె. గంట కాకముందే ఎద్దంత ఎద్దు బొక్కల పంజరమైతుండె. మాంసం తునుక మిగలదు, వాసన ఉండది, ఈగ వాలది.

ఎండకాలం వచ్చిందంటే బొక్కలేరెటోళ్లు బండ్లు కట్టుకొని వస్తుండె. కడిగి ఆరబెట్టినట్టు తెల్లగున్న బొక్కలను నింపుకొని, ఎరువు మిల్లులకు అమ్ముకుంటుండె. తోలు మామకు తోలు, వాళ్లకు బొక్కలు, రాబందులకు మాంసం, ఊరికి మంచిగాలి. సచ్చిన గొడ్డుతోని ఇంతమంది బతుకు నడిచింది. ఎవ్వరికి ఎవ్వరు పైస ఇచ్చింది లేదు.

నేను సూసి భయపడుతుంటి, నిజం చెప్త. మా అవ్వ మాత్రం ‘జటాయువు కులం కొడుకా, రాయి ఇసరద్దు’ అంటుండె. భద్రాచలం పక్కన ఎటపాక కాడ జటాయువు పడ్డడని మన పెద్దోళ్లు చెప్తరు. సీతమ్మను ఎత్తుకపోతాంటె అడ్డం పోయి రెక్కలు తెగ్గొట్టుకున్న పక్షి అది. రాముడు తండ్రికి చేసినట్టు దానికి దినాలు చేసిండు. గసొంటి పక్షి పేరు ఇప్పుడు తిట్టయ్యింది. వడ్డీకిచ్చి ఇండ్లు ముంచెటోణ్ని రాబందు అంటరు, లంచం తిన్నోణ్ని రాబందు అంటరు, పేపర్లల్ల సుత రాస్తరు. నాకు ఒళ్లు మండుతది. ప్రాణమున్న జీవి జోలికి అది పోదు. గద్ద గోర్లు సూడుండ్రి, కొడవలి కొసల్లెక్క ఉంటయి. రాబందు గోర్లు మొద్దుగ ఉంటయి, పట్టుకొని ఎత్తుకపోయే బలం వాటికి లేదు. అది తినేది సచ్చిందే. దొమ్మరోగంతోని సచ్చిన గొడ్డును తిని సుత అరిగిచ్చుకుంటది. దాని కడుపుల పుల్లనీళ్లకు గంత బలం. మనకు విషమైంది దానికి అన్నం.

1979ల నాకు నౌకరి వచ్చింది. సైకిలు, సంచి, గాజు సిరంజి, ఉడకబెట్టెటందుకు గిన్నె, గంతే నా సామాను. రోగాలకు మందులుండె గని నొప్పికి మా దగ్గర పెద్దగ ఏం లేకుండె. వాచిన కీలుకు వావిలాకు ఉడకబెట్టి కాపడం పెడుతుంటిమి, లేకపోతె ఉప్పు మూట. అదీ కాదంటే రైతే ఇనుప కడ్డి ఎర్రగ కాల్చి వాతలు పెట్టిస్తుండె. వాత పెడతాంటె ఎద్దు కండ్లల్లకెల్లి నీళ్లు కారుడు నేను సూసిన. నోరు లేని జీవి, ఏమని చెప్తది? నా చేతిల ఏమన్న మందుంటే బాగుండు అని ఎన్నిసార్లు అనుకున్ననో.

1994లనో 95లనో ఆ సీస వచ్చింది. దాని మీద డైక్లోఫెనాక్ అని రాసుండె. మనుషులకు మోకాళ్ల నొప్పులకు ఇచ్చేదే, పశువులకు సుత మొదలువెట్టిండ్రు. అగ్గువ. పొదుగు వాపుతోని దూడను దగ్గరికి రానియ్యని బర్రెకు పొద్దుగాల సూది ఏస్తె, మాపటికి పాలు సేపుతుండె. కుంటుకుంట వచ్చిన ఎద్దు తెల్లారి అరకకు పోతుండె. ‘నీ హస్తవాసి మంచిది’ అని ఊరూర్ల నన్ను పిలుసుకపోతుండె. నేను సుత నా చెయ్యి గొప్పదనే అనుకున్న. ఒక్కనాడు సుత ఆ మందు ఒంట్లకెల్లి ఎటు పోతదని అడగలే. ఎవ్వరు అడగలే.

1998 ఎండకాలం. పక్క ఊరి కాపుకు మల్లడు అని ఎద్దు ఉండె. పదిహేనేండ్లు నాగలి గుంజింది. ముందరి కాళ్ల కీళ్లు ఉబ్బి, లేవలేక కొట్టంలనే పడ్డది. ఆ కాపు నా చేతులు పట్టుకున్నడు. ‘బతుకుతదని ఆశ లేదు, గని నొప్పితోని పోవద్దు’ అన్నడు. మూడు దినాలు రోజుకొక సూది ఏసిన. రెండోనాడు మల్లడు మెడ ఎత్తి గడ్డి నమిలింది. ఆయన దాని గంగడోలు నిమురుకుంట కూసున్నడు. నాలుగోనాడు పొద్దుగాల సచ్చిపోయింది. శాంతంగ పోయిందని ఆయన నాకు దండం పెట్టిండు. నేను సుత ఒక మంచిపని చేసిన్ననే ఇంటికి వచ్చిన. మల్లణ్ని వాగు దాటిచ్చి బొక్కల గడ్డల ఏసిండ్రు. అప్పటికే రాబందులు తగ్గినయి. అయినా ఇరవై దాక దిగినయట.

అయిదారు దినాలకు ఆ తోవ మీదికెల్లి పోతాన్న. వాగు ఒడ్డున పెద్ద నల్లమద్ది చెట్టుండె, తరతరాలుగ రాబందులు గూళ్లు పెట్టే చెట్టు. కింద ఒకటి పడి ఉన్నది. పైన కొమ్మల మీద ఇంకో మూడు. నిమ్మళంగ కూసున్నట్టే ఉన్నయి గని, మెడలు నిలవట్లేదు. నిద్రకు తూగే మనిషి తల లెక్క మెల్లగ కిందికి వాలిపోతున్నయి, మల్ల ఎత్తుతున్నయి, మల్ల వాలుతున్నయి. సప్పుడు చేస్తె లేవలే. ఎండదెబ్బ అనుకున్న. రోగమేమో అనుకున్న. సంచిల కత్తి ఉండె. కంపౌండరు బుద్ధి గదా, కింద పడ్డదాన్ని కోసి సూసిన.

లోపల సున్నం ఏసినట్టు ఉన్నది బిడ్డా. గుండె మీద, కాలేయం మీద తెల్లగ పిండి పేరుకున్నది. ఏలుతోని గీకితే సుద్దముక్క లెక్క రాలింది. ఇరవై ఏండ్ల నౌకరిల ఎన్నో కళేబరాలు కోసిన, గసొంటిది ఎన్నడు సూడలే. పై డాక్టరుకు చెప్పిన. ‘పక్షులది మనకెందుకు’ అన్నడు. ఆయనను తప్పుపట్ట. ఆ దినాలల్ల నేను సుత గట్లనే అనుకొని చేతులు కడుక్కున్న. ఆ వానకాలం దాటెవరకు మద్దిచెట్టు ఖాళీ అయింది. నాలుగేండ్లకు ఆకాశమే ఖాళీ అయింది.

పోయినయని ఎవ్వరికి తెల్వలే. ఆవు పోతె ఏడుస్తరు, కోడి పోతె ఎతుకుతరు, రాబందు పోతె ఎవరు లెక్కపెడతరు? వాసన వచ్చినంకనే సమజ్ అయింది. బొక్కల గడ్డల గొడ్లు కుళ్లుడు మొదలైంది. పదిహేను దినాలైనా అట్లనే ఉబ్బి పడి ఉంటుండె. వానకు ఆ నీళ్లు వాగుల కలుస్తుండె. తోలు మామ కొడుకు ఆ పని ఇడిసిపెట్టి పట్నం పోయిండు. బొక్కలేరే బండ్లు బందయినయి. వాటి జాగల కుక్కలు వచ్చినయి. రెండు మూడు ఉండేటియి ముప్పై అయినయి. పచ్చి మాంసం మరిగిన కుక్కలు గుంపుకట్టి దూడల మీద పడ్డయి, తోవ మీద మనుషుల మీద పడ్డయి. మన వాడకట్టు పిలగాణ్ని ఒకణ్ని పిక్క మీద కరిసింది. చిన్నగాటే అని పసరు పోసిండ్రు. నెలన్నరకు నీళ్ల గిలాస సూసి వణికిండు. ఎనిమిదేండ్లోడు. వాని చెప్పులు వాళ్లవ్వ చానా ఏండ్లు గడపల అట్లనే పెట్టింది. ఆ కుక్కలు ఎక్కడికెల్లి వచ్చినయో, రాబందులు ఎక్కడికి పోయినయో, రెంటిని కలిపి ఆలోచన చేసే తెలివి అప్పుడు మాకు లేకపాయె. ఇద్దరు ఆర్థికశాస్త్రం సదివినోళ్లు ఈ లెక్క కట్టి 2024ల అచ్చువేసిండ్రు. రాబందులు పోయినందుకు 2000 నుంచి 2005 దాక మన దేశంల అయిదు లక్షల మంది దాక ఎక్కువ సచ్చిపోయిండ్రట. ఆ అయిదు లక్షలు అని సదివినప్పుడు నాకు ఒక్క జత చెప్పులే కండ్లల్ల మెదిలినయి.

2008ల జిల్లాల మాకు ట్రైనింగ్ పెట్టిండ్రు. ఒక చిన్న వయసు డాక్టరు గోడ మీద బొమ్మలేసి చెప్తాండు. రాజస్థాన్ల భరత్‌పూర్ కాడ విభు ప్రకాశ్ అనే ఆయన రాబందులు ఎక్కడివక్కడ రాలిపోవుడు ముందుగాల పట్టుకున్నడట. పాకిస్తాన్ పంజాబుల లిండ్సే ఓక్స్ అనే అమెరికా పశువుల డాక్టరు సచ్చిన పక్షులను కోసి కోసి, రోగం కాదు, మందు అని 2003ల తేల్చిండట. పశువులకు ఏసే నొప్పి మందు. మల్ల ఒక బొమ్మ పడ్డది. కోసిన రాబందు. గుండె మీద, కాలేయం మీద తెల్లటి సున్నం.

నా నోరెండిపోయింది. మద్దిచెట్టు కింద నా ఏలుతోని గీకిన సున్నమే అది.

ఆ డాక్టరు చెప్పింది మీకు సమజ్ అయ్యేటట్టు చెప్త. పక్షి మన లెక్క నీళ్లనీళ్లగ ఉచ్చ పొయ్యది. రెట్టల తెల్లగ కనపడేదే దాని ఉచ్చ. ఒంట్ల చెడుగును కిడ్నీలు గట్ల తెల్లగ బయటికి పంపుతయి. డైక్లోఫెనాక్ ఏసిన గొడ్డు రెండు మూడు దినాలల్ల సచ్చిందనుకో, మందు ఇంకా మాంసంల ఉంటది. ఆ మాంసం తిన్న రాబందు కిడ్నీలు పనిచెయ్యవు. బయటికి పోవాల్సిన తెలుపు లోపటనే పేరుకుంటది, గుండెకు సున్నం కొట్టినట్టు పడుతది. కొద్ది దినాలల్ల ఖతం. గొడ్డుకు ఏం కాదు, మనిషికి ఏం కాదు, ఆ మాంసం తిన్న కుక్కకు ఏం కాదు. ఆ పక్షికే యముడు. ఇంకోటి సుత చెప్పిండు. వంద కళేబరాలల్ల ఒక్కదాంట్ల మందున్నా సాలట, కులం కులమే పోవుటానికి. ఎట్లంటే, ఒక్క గొడ్డు మీద యాభై పక్షులు తింటయి గదా. కలిసి తినే బుద్ధే వాటికి ఉరితాడైంది. ఏడాదికి ఒక్కటే గుడ్డు పెట్టే పక్షి. పిల్ల ఎదిగి గూడు కట్టాలంటే అయిదేండ్లు. పోయినంత జల్ది రావు.

1992 నుంచి 2007 దాక లెక్క తీస్తె, మన దేశంల తెల్లవీపు రాబందులు వెయ్యింటికి ఒక్కటి మిగిలింది. పొడుగుముక్కువి వందకు మూడు. ఒక పక్షి కులం ఇంత జల్ది కూలిపోవుడు మునుపు ఎక్కడ సూడలేదన్నరు. నేను లేసి నిలవడి, ‘సార్, నేను ఏసిన’ అన్న. అందరు నా దిక్కు సూసిండ్రు. ఆ డాక్టరు దగ్గరికి వచ్చి, ‘అందరం ఏసినం, నేను సుత ఏసిన’ అన్నడు. ఇంటికి వచ్చి మీ నాయినమ్మకు మల్లడి ముచ్చట చెప్పిన. ఆమె చానాసేపు మాట్లాడలే. ‘మంచి చెయ్యబోయినవ్, తెల్వక అయింది. ఇగ తెలిసింది గదా’ అన్నది. మా లోపట ఆ ముచ్చట అంతే.

2006లనే సర్కారు పశువులకు డైక్లోఫెనాక్ బందు పెట్టింది. పాకిస్తాన్, నేపాల్ సుత అదే ఏడు బందు పెట్టినయి. దానికి బదులు మెలాక్సికామ్ వచ్చింది. నొప్పి తగ్గుతది, వాపు తగ్గుతది, రాబందుకు ఏం కాదు. గని మొదట్ల దాని ధర ఎక్కువ. రైతు నాలుగు పైసలు మిగులుతయంటే అటే పోతడు, ఆయన కష్టం ఆయనది. మందుల దుకాణాలల్ల మనుషులకని అమ్మే డైక్లోఫెనాక్ ఉండనే ఉండె. 30 మిల్లీలీటర్ల పెద్ద సీస. మనిషికి ఒక్కసారికి 3 మిల్లీలీటర్లు సాలు, మరి ఆ పెద్ద సీస ఎవరి కోసం? గొడ్ల కోసమే. దొంగతనంగ గొడ్లకే పోయింది. ఒకాయన దుకాణంల నేను నిలవడి కొట్లాడిన. ‘మనుషులకే అమ్ముతాన్న, నీకేంది’ అన్నడు. 2015ల ఆ పెద్ద సీసలు బందు పెట్టి, 3 మిల్లీలీటర్లదే ఉండాలన్నరు. గప్పుడు నేను నౌకరి దిగి రెండేండ్లు.

గంతటితోని అయిపోలే. ఒకటి బందు పెడితె దాని సుట్టాలు బయలుదేరుతయి. ఎసిక్లోఫెనాక్ అని ఉన్నది, ఆవు ఒంట్ల పడంగనే అది డైక్లోఫెనాకే అయితది. కీటోప్రోఫెన్ సుత గంతే చెడ్డది. ఈ రెండిటిని 2023ల బందు పెట్టిండ్రు. నిమెసులైడ్‌ను 2024 ఆఖరికి. ఒక్కొక్క పేరు బందు పడెటందుకు ఎన్నేండ్లు పట్టిందో సూసిండ్రా? ఆ ఏండ్లల్ల ఎన్ని మెడలు వాలినయో. కొత్త మందు గొడ్డుకు ఏసేముందే, దాన్ని తినే పక్షికి ఏమైతదో పరీక్ష చెయ్యాలె. గది ముందు కావాలె అని నేను ప్రతి మీటింగుల అడిగిన.

నీళ్లు తాగుతవా బిడ్డా? ఆ చెంబు అక్కడనే ఉన్నది.

2013ల, నేను నౌకరి దిగిన ఏడే, పాలరాపు గుట్ట మీద రాబందులున్నయని అడివి శాఖోళ్లు కనుక్కున్నరు. మన పెంచికల్‌పేట దిక్కు, పెద్దవాగు పక్కన నిలువుగ కోసినట్టుండే గుట్ట. పొడుగుముక్కు రాబందులు. నేను మొదట్ల నమ్మలే. 2014 సంక్రాంతి దాటినంక అడివిల పనిచేసే వాచర్ ఒకాయన నన్ను తీసుకపోయిండు. మబ్బుల బయలుదేరినం. వాగు ఇసుక మీద నడిసి, అవతల బండల చాటుకు కూసున్నం. మంచు. ఏం కనపడట్లేదు. పొద్దు పొడిసి ఎండ గుట్ట మొకం మీద పడ్డది. పక్షి కన్న ముందు నాకు కనపడ్డది తెలుపు. బండ సందులకెల్లి కిందికి సున్నం జారినట్టు తెల్లటి చారలు. రెట్టల చారలు.

ఆ తెలుపు సూసి నాకు ఏడుపు ఆగలే. వాచర్ పరేషాన్ అయిండు, ఏమైంది కాకా అని. ఆయనకు ఏమని చెప్పాలె? బయటికి పోవాల్సింది లోపట పేరుకోకుంట బయట పడ్డది. కిడ్నీలు పనిచేస్తున్నయి. బతికున్నయి.

ఎండ ఎక్కినంక ఒకటి రెక్క ఇప్పింది. గుట్ట అంచున జరసేపు నిలవడి, గాలి లేసెవరకు ఆగి, మెల్లగ ముందుకు వంగి దిగింది. రెక్క కొట్టలే. వాగు మీదికెల్లి దాని నీడ జారి వచ్చి నా కాళ్ల మీదికెల్లి పోయింది. పదహారేండ్లయింది నాకు ఆ నీడ తాకక. తొమ్మిది లెక్కపెట్టిన ఆనాడు. ఒక సందుల, తెల్లటి నూగుతోని ఒక పిల్ల. తల్లి, తండ్రి ఇద్దరు పొదుగుతరట, ఇద్దరు మేపుతరట. ఒకటి పోతె రెండోది గూడు ఇడువది.

అడివి శాఖోళ్లు మంచిపని చేసిండ్రు. చుట్టుపక్కల ఊర్లల్ల ముసలిదై సచ్చిన గొడ్డును, మందు ఏసింది కాదని తెలుసుకొని, కొని తెచ్చి అక్కడ పెట్టిండ్రు. అవతల మహారాష్ట్రల గడ్చిరోలి దిక్కు సుత గట్లనే పెట్టిండ్రు. రాబందుకు జిల్లా లేదు, రాష్ట్రం లేదు, పొద్దుగాల ఇక్కడ తిని మాపటికి ప్రాణహిత దాటుతది. అందుకే ఒక్క ఊర్ల మందు బందైతె సాలదు. అయినా అవి నిలకడగ లేవు. పెద్దవానకు బండ సందులల్ల గూళ్లు కొట్టుకపోయిన ఏండ్లున్నయి. లెక్క పెరిగినా పదులల్లనే. మా చిన్నతనంల ఒక్క ఎద్దు మీద దిగేటియి గన్ని.

హర్యానాల పింజోర్ కాడ 2001ల మొదలుపెట్టి వాటిని బోన్లల్ల పెంచుతాన్నరు. మన హైదరాబాదు జంతుప్రదర్శనశాలల సుత తెల్లవీపువి ఉన్నయి, ఈసారి పోతె పులి కాడ తక్కువసేపు నిలవడి వాటి కాడికి పోండ్రి. 2024ల పింజోర్ల పెరిగినయి కొన్ని మన పక్కనున్న తాడోబా అడివికి తెచ్చిండ్రు. పెంచుడు మంచిదే, ఆ పనిచేసెటోళ్లకు దండం. గని బోను తలుపు తీసినంక అవి తినేది మన కొట్టంల సచ్చిన గొడ్డునే గదా. ఆ గొడ్డుకు ఆఖరి వారంల మనం ఏం ఏసినమో, దాని మీదనే ఉన్నది అంతా. అందుకే నేను నౌకరి దిగినా ఊరు ఇడువలే. చుట్టుపక్కల ఏ ఊర్ల గొడ్డు పడ్డదన్నా పోత, సీస సూస్త. కొందరు తిడుతరు, కొందరు సాయ పోస్తరు. చిన్న డాక్టర్లు ఇప్పుడు నాకన్న ముందే మెలాక్సికామ్ తీస్తున్నరు. ఊర్ల ఆడోళ్లు సుత సీస పేరు సదివిచ్చుకొనే ఏపిచ్చుకుంటున్నరు, మీ నాయినమ్మ నేర్పింది వాళ్లకు. ఆమె సదువుకోలే, గని డైక్లోఫెనాక్‌ల మొదటి అచ్చరం ఎట్లుంటదో చీపురు పుల్లతోని వాకిట్ల రాసి సూపిస్తుండె.

ఇంకో కష్టం వచ్చింది ఇప్పుడు. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు తగ్గినయి. ముసలి గొడ్డును సావకముందే అంగట్ల అమ్ముతున్నరు, సచ్చినదాన్ని గోతి తీసి పూడుస్తున్నరు. మందు లేని తిండి అసలు దొరకాలె గదా వాటికి. పాలరాపు దిక్కు ఊర్లల్ల ఒక జాగ ఇడిసిపెడితె బాగుండునని పోయిన ఏడు గ్రామసభల చెప్పిన. పత్తి చేన్ల నడుమ బొక్కల గడ్డ ఎవరు ఇస్తరు అన్నరు. మల్ల చెప్త.

మద్దిచెట్టా? ఉన్నది. రేపు పొద్దుగాల వాగు దిక్కు పోదాం, సూపిస్త. పై కొమ్మలల్ల పాత గూడు పుల్లలు ఇంకా రెండు మూడు ఇరుక్కొని ఉన్నయి. కింద మాత్రం తెలుపు లేదు.

ఇయ్యాల ఆ పిలగాని సీస మీద మెలాక్సికామ్ అనే ఉన్నది. రెండుసార్లు సదివి వాని చేతుల పెట్టిన, భుజం తట్టిన. బర్రె ముసలిదే, జరం గట్టిగ వచ్చింది. లేస్తదనే నా ఆశ. లేవకపోతె సుత అడివి శాఖోళ్లకు ఫోన్ చేసి చెప్పొచ్చు, దీని ఒంట్ల ఏం లేదు, తీసుకపోండ్రి అని.

మంట తగ్గింది. పిల్లగాండ్లను లోపట పండబెట్టుండ్రి. పెద్దోడా, ఆ టార్చిలైటు అందుకొని నా ఎంట రా, బర్రె నెమరేస్తాందో లేదో సూసొద్దాం.